కుంపటి మొదలు గ్యాసు పొయ్యి వరకు

క్రొత్త యింట అడుగు పెట్టిన నాడు తెలుగు ఇల్లాలు మొట్టమొదట చేయు పని పాలు పొంగించుట. సామానులింకను మూటలలో నుండగనే, మంచములు వాల్పకముందే, పొయ్యి వెలిగింపవలెను. పాలు పొంగి గిన్నె అంచు దాటిననే గాని అది యిల్లనిపించుకొనదు. తాత కట్టించిన యింటనే తండ్రియు, తండ్రి యుండిన యింటనే కొడుకును కాపురముండిన కాలమున ఈ యాచారము తరమునకొక్కసారి జరుగునది. ప్రభుత్వోద్యోగి కుటుంబమున బదిలీ ఉత్తరువు వచ్చినపుడెల్ల జరుగుచుండును. అట్టి కుటుంబమునకు నేలలో పాతుకొనిపోయిన పొయ్యి పనికిరాదు. తనంత తాను నిలుచునదియు, ఎత్తి మరియొకచోట దింపుటకు వీలైనదియు, జీతపు రాళ్లలో ఇమిడెడిదియు నగు పొయ్యి కావలెను. అట్టి పొయ్యి మన దేశమునకెట్లు వచ్చినది? వచ్చిన వానిలో ఏవి నిలిచినవి? ఏవి నిలువలేదు? ఏల? ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచును గాని, వీనిలో దేశము యొక్క ఆర్థిక చరిత్రయు, స్త్రీల ఆరోగ్య చరిత్రయు నిమిడియున్నవి.

మన పొయ్యిలలో మొదటిది మూడు రాళ్ల పొయ్యి. దాని తరువాతిది మట్టి పొయ్యి. ఇల్లాలు పుట్టమట్టి తెచ్చి, ఊక కలిపి తొక్కి, తన చేతులతోనే దానిని తీర్చి, పేడతో అలికి ముగ్గు పెట్టుకొనును. దానికి వెల లేదు. కట్టెలు, చితుకులు, పిడకలు, కందికంప, తాటియాకు, ఏది దొరికిన దానిని అది స్వీకరించును. ఊరిలో నున్నంత కాలము ఇంతకంటె చౌకయైన పొయ్యి లేదని ఎవరికైనను తోచును. కాని ఆ పొయ్యిలో వేసిన కట్టె వేడిలో సుమారు నూటికి పది పాళ్లు మాత్రమే గిన్నెకు చేరును. మిగిలినది గాలిలో గలియును. దానితోపాటు వచ్చు పొగ అటకను నల్లచేసి, దూలములకు మసి పట్టించి, ఊదుగొట్టము చేతబట్టి కూర్చుండిన స్త్రీ కన్నులలోను ఊపిరితిత్తులలోను చేరును. ఈ వెలను ఎవ్వరును పద్దులలో వ్రాయలేదు. 1980ల యారంభమున గుజరాతు పల్లెలలో కర్క్ స్మిత్ మొదలగు శాస్త్రజ్ఞులు వంట చేయుచున్న స్త్రీలు పీల్చు గాలిని కొలిచి చూచిన తరువాతనే ఆ పద్దునకు అంకెలు దొరకినవి.

ఎత్తి పెట్టుకొనదగిన పొయ్యిలలో మన కెల్లరకు తెలిసినది కుంపటి. మట్టితోనో ఇనుముతోనో చేసిన ఆ చిన్న పాత్రలో బొగ్గులు రాజవేసి, కాఫీ నీళ్లు కాచుటకును, పాలు వెచ్చగా నుంచుటకును, బాలింత గదిలో వెచ్చదనమునకును వాడుకొనుచుండిరి. ఉత్తర హిందూస్థానమున దీని తోబుట్టువు అంగీఠి. పాత బాల్చీకి లోపల మట్టి మెత్తి, క్రింద గాలికి కంత పెట్టి, ఇనుప జల్లెడపై రాతిబొగ్గు పేర్చి చేయునది. ఢిల్లీలో ఉద్యోగులు కాపురముండు వాడలలో దానిని వాకిట నుంచి రాజేసి, పొగ తగ్గిన పిమ్మట లోనికి తెచ్చుకొనుట నిత్యకృత్యముగా నుండెను. వెల స్వల్పము, బదిలీ అయినచో వదలి వెళ్లినను బాధ లేదు. కాని దీనికిని ఒక చాటు వెల కలదు. చలికాలమున తలుపులు బిగించుకొని, రగులుచున్న అంగీఠిని గదిలో నుంచుకొని నిద్రించినవారు మేలుకొనకపోయిన ఉదంతములు ఉత్తరాదిన ప్రతి శీతకాలమును వినవచ్చుచునే యుండును. నిప్పులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. పొగ పోయినది గదా యని నమ్మినవారినే అది మోసగించును.

ఈ లోపల పాశ్చాత్య దేశములలో వేరొక మార్గమున పని సాగినది. ఇంగ్లండులోని నార్తాంప్టనునకు చెందిన జేమ్స్ షార్ప్ అను నతడు 1826లో గ్యాసుతో వంట చేయు పొయ్యికి పేటెంటు పొంది, 1836లో వాని తయారీకి కార్ఖానా పెట్టెను. అయినను చాల ఏండ్ల వరకు అది సంపన్నుల వింతగానే యుండెను. కార్మికుని యింటికి అది చేరుటకు కారణము క్రొత్త యంత్రము గాదు, క్రొత్త బేరము. 19వ శతాబ్దపు చివరి భాగమున గ్యాసు కంపెనీలు పొయ్యిని అమ్ముటకు బదులు అద్దెకిచ్చి, పెన్నీ నాణెము వేసినంతకు గ్యాసు వదలు మీటరులను ఇండ్లలో బిగించినవి. ఒక్కసారిగా పెద్ద మొత్తము చెల్లింపలేనివాడు రోజుకొక నాణెము చెల్లింపగలడని వారు గ్రహించిరి. ఈ పాఠము మన దేశమున చాల కాలమునకు గాని అర్థము కాలేదు. మరియొక విషయము గమనింపదగినది. ఆ పొయ్యికి క్రింద రొట్టెయు మాంసమును కాల్చు అర యుండును. వారి భోజనమునకది ముఖ్యము. అన్నము వార్చి, పప్పు ఉడికించి, పోపు పెట్టుకొను వారికి దాని యవసరము లేదు. కాబట్టియే ఆ నిలువు పొయ్యి దొరల బంగళాలలో నిలిచెనే గాని, గుమాస్తా వంటయింట కాలు పెట్టలేదు. తన వంటకు అక్కరలేని దానికి వెల పెట్టుటకు ఆతడు సిద్ధపడలేదు; అది తెలివితక్కువ గాదు.

మన వంటను ఎరిగి, మన ఉద్యోగి కొరకే చేయబడిన మొదటి పరికరము కలకత్తాలో పుట్టినది. వైద్యుడును బహుశాస్త్ర పండితుడును అగు ఇందుమాధవ మల్లిక్ 1910లో ఇక్మిక్ కుక్కరును రూపొందించెను. ఆరోగ్యము, పొదుపు అను అర్థములు గల హైజీనిక్, ఎకనామిక్ అను రెండు ఇంగ్లీషు మాటలను కలిపి ఆ పేరు కూర్చెను. ఒక నిలువు డబ్బా, అడుగున కొద్దిపాటి బొగ్గులు, లోపల నీరు, ఆ నీటి యావిరిలో ఒకదానిపై నొకటి పేర్చిన గిన్నెలు. ఒక గిన్నెలో బియ్యము, ఒకదానిలో పప్పు, ఇంకొకదానిలో కూర పెట్టి, బొగ్గులు రాజేసి వెళ్లినచో, నెమ్మదిగా అన్నియు ఒక్కసారే ఉడికి యుండును. కనిపెట్టుకొని యుండ నక్కరలేదు. మెస్సులలో నుండు ఒంటరి గుమాస్తాలకును, ప్రయాణములు చేయువారికిని ఇది పెద్ద యండ యయ్యెను. దీని విజయమునకు రహస్యమొక్కటే. మల్లిక్ పొయ్యిని గురించి మాత్రమే గాక, పొయ్యి ముందు కూర్చుండుటకు తీరిక లేనివాని దినచర్యను గురించియు ఆలోచించెను. కాని వేపుడు, పోపు, అట్టు దానిపై సాగవు. కుటుంబము పెరిగిన యింట అది రెండవ పొయ్యిగానే మిగిలెను.

తరువాతి యంకము కిరసనాయిలుది. స్వీడను దేశమున స్టాక్‌హోము నగరములో ఫ్రాన్స్ విల్హెల్మ్ లింద్‌క్విస్ట్ అను నతడు 1892లో ప్రైమస్ పొయ్యిని నిర్మించెను. వత్తి లేదు. పంపుతో గాలి ఎక్కించినచో, వేడెక్కిన గొట్టములో నూనె ఆవిరియై, సన్నని రంధ్రమునుండి వెలువడి నీలపు మంటగా మండును. మసి అంటదు. ధ్రువ యాత్రికులును పర్వతారోహకులును దానిని వెంట గొనిపోయిరి. మన దేశమున అది ఇత్తడి తొట్టెతో, మూడు కాళ్లతో, హోరుమను చప్పుడుతో మధ్యతరగతి వంటయింట ప్రవేశించినది. దానికంటె చౌకయైనది వత్తుల స్టవ్వు. చప్పుడు లేదు, పంపు లేదు. అయినను వత్తులు సరిగా కత్తిరింపనిచో గిన్నె నల్లబడును, ఇల్లంతయు నూనెవాసన గొట్టును. తెలంగాణమున కిరసనాయిలునే గ్యాసునూనె యనుట వాడుక. అసలైన గ్యాసు రాకముందే గ్యాసు అను మాట మన యింటికి వచ్చినదన్నమాట.

స్టవ్వు బదిలీ ఉద్యోగికి అన్ని విధముల సరిపోయినది. బరువు తక్కువ; వెల తక్కువ; నూనె సీసాతోనైనను కొనవచ్చును. కాని రేషను దుకాణము ముందు డబ్బా పట్టుకొని నిలుచుట, 1973 నాటి చమురు సంకటము తరువాత పెరిగిన ధర, వీని సంగతి యటుండగా, మరియొక వెల మిక్కిలి దుస్సహమైనది. పంపు స్టవ్వు రంధ్రము మూసికొనిపోయినపుడు పిన్నుతో పొడువవలెను. వెలుగుచున్నపుడు నూనె పోయరాదు. చీర కొంగు దరి చేరరాదు. ఈ జాగ్రత్తలలో ఏది తప్పినను ప్రాణాపాయమే. అంతకంటె ఘోరమైనది, స్టవ్వు ప్రేలి కోడలు మరణించెనను మాట వెనుక వరకట్నపు హత్యలు దాగియుండుట. 1970, 1980 దశకములలో స్త్రీల సంఘములు ఢిల్లీ వీధులలో ఆందోళన చేసిన పిమ్మట 1983లోను, 1986లోను శిక్షాస్మృతికి క్రొత్త నిబంధనలు చేర్చబడినవి. పాపము పొయ్యిది గాదు. కాని ఒక హత్యను ప్రమాదముగా చూపుటకు వీలైనంత అపాయకరమైన వస్తువు ప్రతి వంటయింట నుండుట సామాన్య విషయము గాదు.

ఇదే కాలమున వేరొక వర్గమువారు కొనుగోలు పొయ్యిని గాక, వెలలేని మట్టి పొయ్యినే సంస్కరింపవలెనని తలచిరి. వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘము వారి కృషి ఫలితముగా 1947లో మగన్ చూల్హా వెలువడినది. మన తెలుగునాట హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజు గారు పొగగొట్టము గల మట్టి పొయ్యిని రూపొందించిరి. ఒకే మంట వరుసగా ఒకటికంటె ఎక్కువ గిన్నెల క్రిందుగా ప్రవహించి, కడకు గొట్టము ద్వారా పొగను ఇంటి కప్పు పైకి పంపును. కోట్లమందికి పొగలేని వంటయిండ్లు అను భావము గల శీర్షికతో 1953లో వారు ఇంగ్లీషున ఒక గ్రంథము ప్రకటించిరి. 1952లో ఆరంభమైన సమాజాభివృద్ధి పథకములో పొగలేని పొయ్యి ప్రచారమునకును స్థానము లభించినది. ఇంజనీరులు ఆనకట్టలను, వంతెనలను మాత్రమే తలచుచుండిన రోజులలో, పేద స్త్రీ కన్నీటికి కారణమైన పొయ్యిని పరిశోధనాలయపు బల్లపైకి తెచ్చిన రాజు గారిని తెలుగువారు మరువరాదు.

సరిగా అదే దశకమున కొత్త ఢిల్లీలో, 1950లో ప్రారంభోత్సవము జరిగిన జాతీయ భౌతిక పరిశోధనాలయమువారు సూర్యకాంతితో వండు పొయ్యిని నిర్మించిరి. పుటాకారపు లోహదర్పణము ఎండను ఒకచోట కూర్చును. అచట గిన్నె నుంచవలెను. ఇంధనమునకు కానియైనను ఖర్చు లేదు. శాస్త్రదృష్టితో ఇంతకంటె చౌకయైనది లేదు. అయినను దానిని కొన్నవారు స్వల్పము. ఏలయన ఉద్యోగి యింట పెద్ద వంట జరుగునది ప్రొద్దుననే, ఆఫీసు వేళకు ముందు. రెండవది దీపములు పెట్టిన తరువాత. ఆ రెండు వేళలను సూర్యుడు సహకరింపడు. మధ్యాహ్నము వండవలెనన్నను, ఎండలో నిలిచి, సూర్యుని గమనము ననుసరించి అద్దమును మాటిమాటికి త్రిప్పుచుండవలెను. ఇంధనపు లెక్క సరిపోయినది. ఇల్లాలి దినపు లెక్క సరిపోలేదు. ఇక్మిక్ కుక్కరు గెలిచిన చోటనే ఇది ఓడిపోయినది.

1955లో బొంబాయిలో బర్మాషెల్ కంపెనీ బర్షేన్ అను పేర ద్రవరూపపు వంట గ్యాసును ఇండ్లకు అమ్మనారంభించెను. 1965లో ఇండియన్ ఆయిల్ వారు ఇండేన్ పేర కలకత్తాలో మొదటి కనెక్షను ఇచ్చిరి. 1970లలో విదేశీ చమురు కంపెనీలు జాతీయము చేయబడిన తరువాత ఈ వ్యాపారము ప్రధానముగా ప్రభుత్వ సంస్థల చేతికి వచ్చినది. బల్లపై నుంచు రెండు మంటల చిన్న పొయ్యి, దాని క్రింద నిలువుగా బండ. రొట్టె అర లేదు, అనవసరమైన హంగు లేదు. పాశ్చాత్యుల నిలువు పొయ్యిలో మనకు కావలసినంత మాత్రమే తీసికొన్నట్లయినది. మట్టి పొయ్యి ముందు తరతరములుగా కూర్చుండి వండిన స్త్రీ ఈ పొయ్యితో లేచి నిలుచున్నది. దీనికొక శాస్త్రీయ కారణమును గలదు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది గనుక, కారినచో నేల వెంబడి ప్రాకును. కావున పొయ్యి బండకంటె ఎత్తున నుండవలెను. వాసన లేని గ్యాసునకు చెడువాసన గల ద్రవ్యమును కలిపి పంపుటయు కారుట తెలియుటకే.

కాని పొయ్యి చౌకయైనను బండ దొరకుట దుర్లభమయ్యెను. పేరు నమోదు చేయించుకొని ఏండ్ల తరబడి వేచియుండిన కుటుంబములు కోకొల్లలు. పార్లమెంటు సభ్యుల సిఫారసు కూపనుల కొరకు వారి యిండ్ల చుట్టు తిరిగినవారును గలరు. బదిలీ అయిన ఉద్యోగి బండను అప్పగించి పుచ్చుకొన్న కాగితమును పెట్టెలో నగలతోపాటు భద్రపరచుకొనెను. ఆ కాగితము పోయినచో క్రొత్త ఊరిలో మరల వరుసలో కడపటి స్థానమే గదా! అట్టి నిరీక్షణ కాలమున కుటుంబములను ఆదుకొన్నది మరల వత్తుల స్టవ్వే. ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రమువారు 1970లలో రూపొందించిన నూతన్ స్టవ్వు తక్కువ నూనెతో ఎక్కువ వేడి నిచ్చి మన్నన పొందినది. 1959లో మన దేశమున తయారీ ఆరంభమైన ప్రెషర్ కుక్కరు సైతము ఇంధనపు ఖర్చును తగ్గించినది. పొయ్యి మార్చలేనివారు గిన్నె మార్చి పొదుపు సాధించిరి.

పల్లెల విషయమున 1980లలో కేంద్ర ప్రభుత్వము సంస్కరించిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టెను. కోట్ల సంఖ్యలో పొయ్యిలు కట్టబడినవి. కాని గొట్టము మూసికొనిపోయినపుడు శుభ్రపరచువారు లేరు. పగిలినపుడు అతుకువారు లేరు. తరువాతి కాలమున ఒరిస్సాలో ఇట్టి పొయ్యిలపై జరిగిన దీర్ఘ పరిశోధనలో, మొదటి యేట తగ్గిన పొగ తరువాతి యేండ్లలో మరల యథాస్థితికి వచ్చినట్లు తేలెను. కారణము పొయ్యి నమూనా గాదు, పోషణ లేమి. ఉచితముగా వచ్చినంత మాత్రమున వస్తువు చౌక గాదనుటకు ఇదొక నిదర్శనము.

1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమును ఆరంభించి, స్వయం సహాయక సంఘముల పేద స్త్రీలకు గ్యాసు కనెక్షను డిపాజిట్టును తానే చెల్లించెను. 2016 మే 1న ఉత్తరప్రదేశములోని బలియాలో కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల పథకము ఆరంభమై, 2019 సెప్టెంబరు నాటికి 8 కోట్ల కనెక్షనులకు చేరెను. ఇవి గొప్ప కార్యములు. అయినను రెండింటి యనుభవమును ఒకే మాట చెప్పుచున్నది. పొయ్యి ఇంటికి వచ్చినను, బండ నింపించుటకు ఒక్కసారిగా చేతిలో సొమ్ము లేని కూలి కుటుంబము కట్టెల పొయ్యిని పూర్తిగా విడువలేదు. చుట్టములు వచ్చినపుడు గ్యాసు, మిగిలిన రోజులలో కట్టె. ఇంగ్లండులో పెన్నీ మీటరు తీర్చిన చిక్కు ఇదియే. 2024లో రెండు తెలుగు రాష్ట్రములును బండ వెల భారమును తగ్గించు పథకములు చేపట్టుట ఈ సత్యమును గుర్తించుటయే.

ఈ చరిత్ర నంతను ఒక్కచోట పేర్చి చూచినచో పొయ్యికి మూడు వెలలున్నవని తెలియును. అంగడిలో చెల్లించునది మొదటిది. నెలనెలకు ఇంధనమునకు చెల్లించునది రెండవది. వండువారి కన్నులు, ఊపిరి, తీరిక, ఒక్కొక్కప్పుడు ప్రాణము చెల్లించునది మూడవది. మట్టి పొయ్యి మొదటి వెలలో చౌక, మూడవ వెలలో మిక్కిలి ప్రియము. సూర్యుని పొయ్యికి రెండవ వెలయే లేదు; అది కోరిన తీరిక ఎవ్వరి యొద్దను లేదు. గ్యాసు పొయ్యి మూడవ వెలను చాల తగ్గించినది. మొదటి రెండు వెలలను ఎట్లు భరించుట యన్నదే దాని చిక్కు.

కాబట్టి పొయ్యి కొనబోవువారు అంగడిలో అంటించిన ధర చీటీని మాత్రమే చూచి తిరిగి రారాదు. భారతీయ ప్రమాణముల సంస్థ ముద్ర యున్నదా యని చూడవలెను. వంట గ్యాసు పొయ్యి తన మంట వేడిలో నూటికి 68 పాళ్లకు తక్కువ గాకుండ గిన్నెకు అందింపవలెనని ఆ సంస్థ ప్రమాణము విధించినది; అంతకు తగ్గిన పొయ్యిపై మిగిలిన నాలుగు రూకలు బండలో పోవును. నాలుగు మంటలు చూచి మురియుటకు ముందు ఇంట ఒకేసారి ఎన్ని గిన్నెలు పొయ్యి నెక్కునో లెక్కింపవలెను. పెద్ద గిన్నెలు రెండు ఒరుసుకొనక కూర్చుండునా, కాళ్లు కదలక నిలుచునా, రబ్బరు గొట్టము బిగువుగా నెక్కునా యని పరీక్షింపవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, దాని ముందు నిలువబోవు ఆమెను అడుగవలెను. పైన చెప్పిన పరాజయములలో పెక్కింటికి మూలము ఆ ప్రశ్నను ఎవ్వరును అడుగకపోవుటయే.

బదిలీ ఉత్తరువులు వచ్చుచునే యుండును; సామానులు మూటలు కట్టుచునే యుందురు. ఏ యూరికి వెళ్లినను తెలుగు కుటుంబము మరల పొయ్యి వెలిగించి పాలు పొంగించును. ఆ పాలు పొంగు క్షణమున ఇల్లాలి కంట నీరు నిండినచో, అది సంతోషము వలననే గాని పొగ వలన కారాదు.